పదకొండు కథలు పంపితే మూడు జవాబులు: తిరిగొచ్చిన కథలతో ఏం చేయాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగేళ్లలో పదకొండు కథలు పత్రికలకు పంపానన్నారు. ఎనిమిదింటికి అతీగతీ లేదు. మూడింటికి మాత్రం జవాబు వచ్చింది. బతుకమ్మ కథకి "ప్రచురణకు ఎంపిక కాలేదు" అని ఒక్క ముక్క. లక్ష్మి కథకి "కథ బాగుంది, ముగింపు బలహీనంగా ఉంది". మీ అవ్వ గురించి రాసిన కథకి "యాస మరీ ఎక్కువైంది, అందరికీ అర్థం కాదు". ఇక రాయడం మానేయాలా, అన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టేయాలా, అప్పు చేసైనా పుస్తకం వేసుకోవాలా అని అడిగారు.

నేను 1987 నుంచి కథలు రాస్తున్నాను. మాది రాజమండ్రి, బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అచ్చయిన కథలు అరవై పైచిలుకు. వెనక్కి వచ్చినవి అంతకంటే చాలా ఎక్కువ. మధ్యలో మూడేళ్లు ఒక కథల పోటీకి తొలి వడపోత కూడా చేశాను. కథ తిరిగొచ్చిన ఇంట్లో ఎలా ఉంటుందో తెలుసు, దాన్ని పక్కన పెట్టే బల్ల దగ్గర ఎలా ఉంటుందో కూడా తెలుసు.

మీకొచ్చిన మూడు జవాబులూ మీకు ఒకేలా గుచ్చుకున్నాయని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. కానీ అవి మూడూ మూడు వేరే సంగతులు. ఒకదాంట్లో మీ కథ తప్పేమీ ఉండకపోవచ్చు. ఒకదాంట్లో నిజంగా నేర్చుకోవాల్సింది ఉంది. ఇంకోదాన్ని మీరు ఒప్పుకోనక్కర్లేదు. వీటిని విడదీసి చూడటం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నా మొదటి కథ తిరిగొచ్చిన రోజు చెప్తాను. అప్పట్లో కథతో పాటు సొంత చిరునామా రాసి, తిరుగు టపాకు సరిపడా స్టాంపులు అతికించిన కవరు జతచేయాలి. కాబట్టి వెనక్కి వచ్చే కవరు మీద ఉండేది మన చేతిరాతే. పోస్ట్‌మ్యాన్ సైకిలు స్టాండు వేస్తుండగానే, అతని చేతిలోని కట్టలో నా అక్షరాలు నాకు కనిపించాయి. విప్పక ముందే తెలిసిపోయింది. అత్తయ్యగారు వరండాలో బియ్యం ఏరుతూ "పుట్టింటి నుంచా అమ్మాయ్?" అన్నారు. "అవునండీ" అన్నాను. లోపలికి వెళ్లి చూస్తే అరచేతంత అచ్చు చీటీ, దానికి గుండుసూది గుచ్చిన చోట తుప్పు మరక. ఆ రాత్రి ఆ కథని చింపేశాను. ఇంకో కాపీ లేదు. ఇవాళ ఆ కథ పేరు తప్ప నాకేమీ గుర్తు లేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ బాధ పోలేదు. వెనక్కి వచ్చినందుకు కాదు, చింపినందుకు.

అందుకని మొదట అడిగేది ఒక్కటే. జవాబు వచ్చిన రోజు ఆ కథ ఫైలు తెరవొద్దు, డిలీట్ చేయొద్దు. సంపాదకుడికి తిరుగు జవాబు రాయొద్దు. ఎక్కడా పోస్టు పెట్టొద్దు. రెండు వారాలు గడవనివ్వండి. ఏడుపు వస్తే ఏడవండి, అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. రాయడం మానాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆ రెండు వారాల్లో తీసుకోకండి.

ఇక వడపోత బల్ల సంగతి. మేం చదివిన పోటీకి ఒక ఏడాది నాలుగు వందలకు పైగా కథలు వచ్చాయి. తుది న్యాయనిర్ణేతలకు ముప్పై పంపాలి. రచయిత పేరున్న కాగితం తీసేసి, కథకి ఒక నంబరు వేసి, యాభయ్యేసి చొప్పున కట్టలు ఇచ్చేవారు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి రోజుకి ఏడెనిమిది చదివేదాన్ని. ఆ కట్టల్లో కొడుకు అమెరికాలో, తల్లి వృద్ధాశ్రమంలో ఉన్న కథలు ఎన్నో! వాటిలో మూడు నిజంగా మంచివి. ఒకే విషయం మీద రెండు మించి తుది జాబితాకి పంపొద్దన్నారు. మూడోదాన్ని పక్కన పెట్టాను. అందులో కొడుకు ఫోన్‌లో మాట్లాడుతున్నంతసేపూ తల్లి గోడ గడియారం చూస్తూ అక్కడ టైమెంతయిందో వేళ్ల మీద లెక్కేసుకుంటూ ఉంటుంది, వాడు పడుకోవాల్సిన వేళ దాటిపోతోందని. ఇన్నేళ్లయినా ఆ తల్లి వేళ్లు నాకు గుర్తే. ఆ రచయితకి వెళ్లింది మాత్రం "ఎంపిక కాలేదు" అన్న మాటే. బహుశా తన కథ బాగోలేదనే అనుకుని ఉంటారు. పేరు తెలిస్తే నేనే ఉత్తరం రాసి ఉండేదాన్ని.

అచ్చు చీటీలో కారణం ఉండదు. కారణం లేని చోట మనమే ఒకటి ఊహించుకుంటాం, అది ఎప్పుడూ మన మీదికే వస్తుంది. ఆదివారం అనుబంధంలో వారానికి ఒక కథ అనుకోండి, ఏడాదికి 52. అందులో కొన్ని పోటీల్లో గెలిచిన కథలకి పోతాయి, కొన్ని పండుగలకి పోతాయి. పైగా చోట్లు తగ్గిపోయాయి. 'భారతి' మాసపత్రిక 1991లో ఆగింది. 2020లో 'నవ్య' వీక్లీ, 2021లో 'విపుల', 'చతుర' మాసపత్రికలు ఆగిపోయాయి. ఉన్న కొద్ది పేజీల కోసం రాసేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. కారణం చెప్పని తిరస్కారం నుంచి నేర్చుకోగలిగింది చాలా తక్కువ కాబట్టి, దాన్ని తవ్వుతూ కూర్చోవద్దని చెప్తున్నాను. కథని ఇంకోసారి చదివి, మీకు నచ్చితే ఇంకోచోటికి పంపండి.

"ముగింపు బలహీనంగా ఉంది" అన్నది అలా కాదు. ఆ నాలుగు మాటలు రాసిన మనిషి మీ కథని చివరిదాకా చదివారు. చదివి, మీకు చెప్తే ఉపయోగం ఉంటుందని అనుకున్నారు. వందల మెయిళ్ల మధ్య అంత సమయం ఊరికే ఇవ్వరు. పదకొండింటిలో మీకు దొరికిన అసలైన సాయం ఇదే. మీ బాధలో మీరు దాన్నీ తిరస్కారాల లెక్కలోనే వేసేశారు.

నేనూ అదే చేశాను. 1990లో ఒక కథ రాశాను. బ్యాంకు అటెండరు రిటైరయ్యే రోజు. సాయంత్రం సన్మానం, శాలువా, స్వీటు పెట్టె అన్నీ అయ్యాక గేటు తాళంచెవి మేనేజరుకి ఇచ్చేసి వీధి చివరిదాకా నడుస్తాడు. అక్కడ ఆగి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ జేబు తడుముకుంటాడు. ఆ తర్వాత ఇంకో పేజీన్నర రాశాను. ఇంటికి వెళ్లడం, భార్య ఓదార్చడం, సూర్యుడు అస్తమించడం, జీవితమంటే ఇంతే అనుకోవడం. కథ తిరిగొచ్చింది. తొమ్మిదో పేజీలో జేబు తడుముకున్న వాక్యం కింద పెన్సిల్‌తో ఒక గీత, పక్కన మార్జిన్‌లో "ఇక్కడే" అని ఒకే మాట.

నాకు కోపం వచ్చింది. సంపాదకుడు అక్కడిదాకానే చదివి ఆపేశారేమో అనుకున్నాను. ఆ కాగితాల్ని పెట్టె అడుగున పడేశాను.

మూడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మా బ్రాంచిలో తోటి ఉద్యోగిని అడిగితే ఆ కథని పైకి చదివి వినిపించాను. జేబు తడుముకున్న వాక్యం దగ్గర ఆమె కళ్లు తుడుచుకుంది. నేను పేజీ తిప్పి చదువుతూనే ఉన్నాను. ఆమె మంచినీళ్లకి లేస్తూ "అయిపోయింది కదా?" అంది. అప్పుడు అర్థమైంది మార్జిన్‌లో ఉన్న మాట. పేజీన్నర కొట్టేసి, శుభ్రంగా తిరగరాసి, అదే సంపాదకుడికి పంపాను. "మీరు 1990లో గీత గీసిన చోటే ఆపాను" అని ఒక వాక్యం పెట్టాను. రెండు నెలల్లో అచ్చయింది.

మీరు ఉత్తరంలో లక్ష్మి కథ చివరి పేరా రాశారు కాబట్టి చెప్తున్నాను. ఆమె బీరువాలోంచి పట్టాదారు పాసుబుక్కు తీసి, చెంగులో చుట్టుకుని, చెప్పులు వేసుకుని బయటికి వస్తుంది. ఆ తర్వాత మీరు "ఆ రోజు లక్ష్మి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆడది అబల కాదు సబల అని నిరూపించాలనుకుంది" అని రాశారు. అమ్మా, చెప్పులు వేసుకున్నప్పుడే ఆమె నిర్ణయం నాకు తెలిసిపోయింది. ఆ చెప్పుల ముందు ఈ రెండు వాక్యాలూ నిలబడవు. మీకు ఆ జవాబు రాసిన వాళ్లు చెప్పింది బహుశా ఇదే. చివరి రెండు వాక్యాలు తీసేసి, మొత్తం కథని ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వాళ్ల మాట కంటే వాళ్లు ఎప్పుడు కదులుతారో, ఎప్పుడు ఫోన్ వైపు చూస్తారో గమనించండి. సర్దుకోవాల్సిన చోట్లు అవే.

ముగింపుల సంగతి వచ్చింది కాబట్టి మొదళ్ల గురించీ ఒక మాట. వడపోతలో నేను చదివిన కథల్లో చాలా వాటికి తెల్లవారడంతోనో, అలారంతోనో, కాఫీ కప్పుతోనో, బస్సు కిటికీ పక్కన కూర్చుని గతంలోకి వెళ్లడంతోనో మొదలు. అవి చెడ్డ కథలని కాదు. పదిహేనో కథ అయ్యేసరికి ఆ కాఫీ దాటి ముందుకు వెళ్లడానికి చదివేవాడికి ఓపిక ఉండదు. నా కథల్లో ఒకటైతే ఏకంగా రెండు పేజీల పక్షుల కిలకిలారావాలతో మొదలయ్యేది. మూడుచోట్ల నుంచి తిరిగొచ్చాక ఆ రెండు పేజీలు తీసేస్తే, "పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బులు డబ్బాలో లేవు" అన్న వాక్యంతో మొదలైంది. కథ అక్కడే మొదలవుతుందని మూడు తిరస్కారాల తర్వాత గానీ నాకు కనిపించలేదు. మీ పదకొండు కథల మొదటి పేజీలు మాత్రం ప్రింటు తీసి, పక్కపక్కన పరిచి చదవండి. ఒకే అలవాటు ఎన్నిసార్లు కనిపిస్తుందో చూడండి.

యాస గురించి. ఇక్కడ నేను కొంచెం గట్టిగా చెప్పాలి. "అవ్వ పొద్దుగాల్నే లేశి సాన్పి జల్లింది" అని మీరు రాసిన వాక్యం చదివాను. గోదావరి జిల్లా మనిషిని, నాకు కళ్లాపి తెలుసు, సాన్పి తెలియదు. కానీ ఆ తర్వాతి వాక్యంలోనే బకెట్లో పేడ నీళ్లు ఉన్నాయి, వాకిలి ఉంది, ముగ్గు ఉంది. అర్థం కాకపోవడానికి ఏముంది? సాన్పి తీసేసి కళ్లాపి పెడితే ఆ వాకిలి మీ అవ్వది కాకుండా పోతుంది.

కోస్తా జిల్లాల మాట పత్రికల మాటగా స్థిరపడిపోయి, తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ రచయితలు ఎన్నో ఏళ్లు ఈ జవాబే విన్నారు. ఆ బల్ల దగ్గర కూర్చున్న నేనూ ఆ తప్పు చేశాను. శ్రీకాకుళం వైపు మాటలో రాసిన కథ ఒకటి చదవడానికి ఎక్కువసేపు పట్టిందని తక్కువ మార్కులు వేశాను. నెల తర్వాత అదే కథని ఇంకొకరు పైకి చదవగా విన్నాను. లోపం నా చెవిలో ఉంది, కథలో లేదు. అప్పటికి జాబితా వెళ్లిపోయింది. అందుకే చెప్తున్నాను, ఈ జవాబు మీ కథ గురించి చెప్పే దానికంటే చదివినవాళ్ల గురించి ఎక్కువ చెప్తుంది. ఆ కథని మీ మాట తెలిసిన చోటికి పంపండి. మీ వైపు మాటలో వచ్చిన కథల్ని ఏ పత్రికలు, ఏ అంతర్జాల పత్రికలు వేస్తున్నాయో ఒక నెల కూర్చుని చూడండి.

ఒక్కటి మాత్రం సరిచేసుకోండి. మీరు పంపిన అర పేజీలోనే "లేశి", "లేసి", "లేచి" మూడూ ఉన్నాయి. కథనంలోకి వచ్చేసరికి ఒక్కోసారి పత్రికల భాష, ఒక్కోసారి ఇంటి మాట. చదివేవాడికి అది యాసో అచ్చుతప్పో తెలియదు. ఒక కాగితం మీద మీ మాటలన్నీ రాసుకుని, ఒక్కో మాటకి ఒకే స్పెల్లింగు ఖాయం చేసుకోండి. యాస సంభాషణల్లోనేనా, కథ మొత్తమా అన్నది ముందే తేల్చుకోండి. రెండూ బాగుంటాయి, తేల్చుకోకపోవడమే ఇబ్బంది.

ఇక ఆ ఎనిమిది మౌనాలు. నిజానికి అన్నిటికంటే ఎక్కువ నలిపేసేవి ఇవే. చీటీ వస్తే ఏడ్చి లేస్తాం. ఏమీ రాకపోతే రోజూ మెయిలు తెరుస్తూనే ఉంటాం. ఇప్పుడు చాలా పత్రికలు ఎంపికైతేనే చెప్తాయి, లేకపోతే చెప్పవు. ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే స్వీకరించనట్టే అని కొన్ని ముందే నియమాల్లో రాస్తాయి, అది చదవండి. గడువు రాయని చోట నేను మూడు నెలలు ఆగుతాను. తర్వాత కథ పేరు, పంపిన తేదీ పెట్టి రెండు వాక్యాల మెయిలు. ఇంకో నెల చూసి, "ఈ కథను ఉపసంహరించుకుంటున్నాను" అని రాసి, ఆ మెయిలు దాచుకుని, అప్పుడు ఇంకోచోటికి పంపుతాను.

ఆ ఉపసంహరణ మెయిలు తప్పనిసరి. కథతో పాటు మనం ఇచ్చే హామీపత్రంలో ఇది సొంత రచన, అనువాదం కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని సంతకం పెడతాం. విసుగొచ్చి ఒకే కథని రెండుచోట్లకి పంపి, రెండుచోట్లా అచ్చయి, ఇబ్బంది పడినవాళ్లని చూశాను. ఎవరూ మోసం చేద్దామని చేయలేదు, ఎదురుచూడలేక చేశారు. కానీ సంపాదకుల దగ్గర ఆ పేరు చెడిపోయింది.

మౌనానికి మామూలు కారణాలు కూడా ఉంటాయి. కథ 'అను' ఫాంట్లలో, అంటే డీటీపీ వాళ్లు వాడే పాత ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్ అడిగారో, పీడీఎఫ్ అడిగారో చూసుకోండి. పదిహేను వందల పదాలు అడిగిన చోటికి నాలుగు వేల పదాలు పంపితే తెరవక ముందే పక్కకి పోతుంది. ఫైలు పేరు "కొత్త కథ ఫైనల్" అని ఉంటే అలాంటివి వాళ్ల దగ్గర బోలెడు ఉంటాయి. కథ పేరు, మీ పేరు పెట్టండి.

నా దగ్గర ఒక పాత లెడ్జరు పుస్తకం ఉంది. కథ పేరు, ఎన్ని పదాలు, ఎక్కడికి, ఏ తేదీన, ఏం జవాబు, తర్వాత ఏం మార్చాను. పాతికేళ్ల లెక్క అందులో ఉంది. ఏడు చోట్ల నుంచి తిరిగొచ్చి ఎనిమిదో చోట అచ్చయిన కథ ఉంది. ఏడుసార్లూ ఒక్క అక్షరం మార్చలేదు. మూడోసారికే మొత్తం తిరగరాసినదీ ఉంది. రెంటికీ తేడా ఏమిటంటే, రెండోదాని గురించి ఇద్దరు వేరు వేరు మనుషులు ఒకే చోటు చూపించారు. ఇద్దరు ఒకే చోట వేలు పెట్టారంటే అక్కడ ఏదో ఉంది. ఒక్కరే అంటే రాసి పెట్టుకుంటాను, వెంటనే కథ మీద చెయ్యి వేయను.

మంచి చదువరుల అభిప్రాయం కావాలంటే అచ్చు పత్రికలే దిక్కు అనుకోకండి. 1998 నుంచి వస్తున్న 'ఈమాట' లాంటి అంతర్జాల పత్రికలో సమీక్షకులు చదివి చూసే పద్ధతి ఉంది. కొంచెం కటువుగా అనిపించినా పరవాలేదు, ఏం కుదరలేదో తెలుస్తుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం పాత పత్రికల్లోని కథల్ని వేల సంఖ్యలో స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టింది. మీకు ఇష్టమైన రచయితల తొలి కథలు వెతికి చదవండి. ఇప్పుడు మనం తలెత్తి చూసేవాళ్ల మొదటి కథల్లో ఎంత తడబాటు ఉందో చూస్తే మీకు ఊపిరి ఆడుతుంది. నాకు ఆడింది.

ఫేస్‌బుక్ గురించి: పెట్టండి, కానీ తెలిసి పెట్టండి. పోటీల నియమాల్లో సామాజిక మాధ్యమాల్లో, బ్లాగుల్లో వచ్చిన కథలు పనికిరావని రాస్తున్నారు. కోపంలో పెట్టిన కథకి ఆ దారి మూసుకుపోతుంది. లక్ష్మి కథా, అవ్వ కథా పెట్టొద్దు. పుస్తకానికి అప్పు అసలు వద్దు. మన దగ్గర కథల పుస్తకాలు ఎక్కువగా రచయితల సొంత డబ్బుతోనే వస్తాయి, నా మొదటిదీ అంతే. ఆ డబ్బు తిరిగి రాదనుకునే పెట్టాలి. పైగా ఇప్పుడు పుస్తకం వేస్తే ఆ సబల వాక్యం అలాగే అచ్చయిపోతుంది. పది కథలు మీకే పూర్తిగా నచ్చేదాకా ఆగండి.

చివరగా బతుకమ్మ కథ. మీరు దాన్ని సెప్టెంబరు రెండో వారంలో పంపానన్నారు. పండుగ వచ్చేది భాద్రపద అమావాస్యకి. అప్పటికి ఆ సంచిక కథలు ఖరారై, బొమ్మలు కూడా వేయించేసి ఉంటారు. పండుగ కథ కనీసం రెండున్నర, మూడు నెలల ముందు వాళ్ల చేతిలో ఉండాలి. ఆ కథలో ఏమీ మార్చకండి, గునుగు పూల కోసం పిల్లలు చెరువు గట్టు దిగే భాగం నాకు చాలా నచ్చింది. వచ్చే ఏడాది జూన్ నెలాఖరుకి పంపండి. సబ్జెక్టులో "బతుకమ్మ ప్రత్యేకం" అని రాయడం మర్చిపోవద్దు.